మలేరియా మర్మము నెరిగిన రోనాల్డ్ రాస్

యుద్ధములందు గెలిచిన రాజుల చరిత్రలు మన గ్రంథాలయపు బీరువాలలో అనేకములు కలవు. శత్రువు కంటికి కనబడినప్పుడు వానితో పోరుటకు శౌర్యము చాలును. శత్రువెవరో, ఎచ్చట దాగియున్నాడో, ఏ దారిని వచ్చుచున్నాడో తెలియక వేల సంవత్సరములు ప్రజలు నశించుచుండగా ఆ దారిని కనిపెట్టుటకు శౌర్యముకన్న ఓర్పు ముఖ్యము; ఓర్పుతోబాటు తప్పులేని లెక్క ముఖ్యము. అట్టి పని చేసిన సర్ రోనాల్డ్ రాస్ జీవితమును ఈ రజతోత్సవ సంచికకై సంగ్రహముగా వ్రాయవలసినదని గ్రంథాలయ నిర్వాహకులు నన్ను ఆజ్ఞాపించిరి. ఆయన ఆంగ్లేయుడైనను పుట్టినది మన దేశమున. ఆయనకు కీర్తి తెచ్చిన దినము గడచినది మన తెలుగునాటి సికిందరాబాదున. లెక్కలు వ్రాయుట జీవనముగా గల నావంటివానికి ఆయన చరిత్రలో మిక్కిలి నచ్చిన ఘట్టము మరియొకటి కలదు. దానిని సందర్భము వచ్చినప్పుడు మనవి చేసెదను.

చలిజ్వరము మానవులకు క్రొత్తది కాదు. మన వైద్యగ్రంథములు దీనిని విషమజ్వరమను పేర వర్ణించి, ప్రతిదినము వచ్చుదానిని అన్యేద్యుష్కమనియు, దినము విడిచి దినము వచ్చుదానిని తృతీయకమనియు, రెండు దినములు విడిచి వచ్చుదానిని చాతుర్థకమనియు విభజించినవి. లక్షణములు ఇంత చక్కగా తెలిసియు కారణము తెలియలేదు. ఇటలీ దేశస్థులు చిత్తడి నేలలనుండి లేచు దుర్వాయువువలన ఈ జ్వరము పుట్టునని తలచి, తమ భాషలో చెడుగాలి అను అర్థము గల మలేరియా అను పేరు పెట్టిరి. దక్షిణ అమెరికాలో పెరుగు సింకోనా చెట్టు బెరడునుండి తీయు క్వినైను దీనికి మందని లోకమునకు తెలిసెను. మందు తెలిసినది గాని రాకను ఆపు ఉపాయము తెలియలేదు. 1880వ సంవత్సరము నవంబరు 6వ తేదీన ఆల్జీరియా దేశములో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తమునందు ఈ జ్వరమునకు మూలమైన సూక్ష్మజీవిని చూచెను. అది ఒకరి రక్తమునుండి మరియొకరి రక్తమున కెట్లు చేరుచున్నదను ప్రశ్న మిగిలియుండెను.

రోనాల్డ్ రాస్ 1857వ సంవత్సరము మే నెల 13వ తేదీన హిమాలయ ప్రాంతమునందలి ఆల్మోరాలో జన్మించెను. మీరట్‌లో సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడు దినములైనది. తండ్రి భారతసైన్యమున ఉద్యోగి. తరువాత జనరలు పదవి వరకు ఎదిగినవాడు. పదిమంది సంతానములో రోనాల్డు జ్యేష్ఠుడు. ఎనిమిదవ యేట ఆయనను చదువుకై ఇంగ్లండునకు పంపి బంధువుల యింట నుంచిరి. బాలునకు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము ప్రియములు. తండ్రి కోరినది వైద్యవిద్య. తండ్రి మాట కాదనలేక లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరెను. మనస్సు లేని చదువు ఎట్లు సాగునో అట్లే సాగెను. 1879లో ఒక పరీక్షయందు గెలిచి మరియొక దానియందు తప్పెను. తండ్రి సొమ్ముపై ఆధారపడుట కిష్టపడక కొంతకాలము ఓడలో వైద్యుడుగా పనిచేసి, 1881లో పరీక్ష ముగించి భారత వైద్యశాఖలో ప్రవేశించెను.

మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు మున్నగుచోట్ల ఆయన పనిచేసెను. సైనిక వైద్యునకు తీరిక అధికము. తోటి ఉద్యోగులు వేటలతోను విందులతోను ప్రొద్దు పుచ్చుచుండగా రాస్ పుస్తకములు తెప్పించుకొని గురువు లేకయే ఉన్నత గణితము నభ్యసించెను. కావ్యములు, నాటకములు, నవలలు రచించెను. ఆ గణితమునకు వైద్యునితో ఏమి పని యని అడిగినవారు ఆనాడు ఉండియుండవచ్చును. ఇరువది యైదేండ్ల పిమ్మట ఆ విద్యయే అక్కరకు వచ్చినది.

1883లో బెంగుళూరున జరిగిన చిన్న సంగతి యొకటి చెప్పదగియున్నది. తన బసలో దోమలు మెండుగా నుండుట చూచి కారణము వెదకగా, కిటికీ వెలుపలనున్న నీటితొట్టిలో దోమపురుగులు మెలికలు తిరుగుచుండెను. తొట్టిని బోర్లించెను, దోమలు తగ్గెను. దండులోని భోజనశాలవద్ద గల తొట్లనుగూడ బోర్లింపించుడని చెప్పగా అధికారి అంగీకరింపలేదు. దోమకును జ్వరమునకును సంబంధమున్నదని అప్పటికి రాస్ ఎరుగడు. నిలిచిన నీటికిని దోమకును గల సంబంధము మాత్రము ఆయన మనస్సున నాటుకొన్నది.

1889లో రోసా బ్లాక్సమ్‌ను వివాహమాడెను. ఆ సెలవులోనే ప్రజారోగ్యశాస్త్రమును, సూక్ష్మజీవశాస్త్రమును అభ్యసించెను. భారతదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట రోగుల రక్తమును పరీక్షించి, లావెరాన్ చెప్పిన జీవి తనకు కనబడలేదు గావున ఆ మాట నమ్మదగదని పత్రికలకు వ్రాసెను. 1894లో లండనుకు పోయినప్పుడు ప్యాట్రిక్ మ్యాన్సన్ అను పెద్ద వైద్యుడు ఆ జీవిని సూక్ష్మదర్శినిలో ఆయనకు ప్రత్యక్షముగా చూపెను. రాస్ తన అభిప్రాయమును వెంటనే మార్చుకొనెను. మన ప్రాంతమువారికి చక్కగా తెలిసిన బోదకాలు వ్యాధిని పుట్టించు సూక్ష్మమైన పురుగు దోమ శరీరమున పెరుగునని చైనా దేశమున 1877లో కనిపెట్టినవాడు ఈ మ్యాన్సనే. మలేరియా జీవియు దోమలోనికి పోవుచుండవచ్చునని ఆయన ఊహించెను. ఆ ఊహను నిజమో కాదో తేల్చు భారమును రాస్ నెత్తికెత్తుకొనెను.

1895లో రాస్ సికిందరాబాదున నున్న 19వ మద్రాసు పదాతిదళమునకు వైద్యుడుగా వచ్చెను. బేగంపేటలోని సైనిక వైద్యశాల ఆయన పరిశోధనశాల. జ్వరరోగిని దోమతెరలో పరుండబెట్టి, దోమలను విడిచి, అవి రక్తము త్రాగిన పిమ్మట వానిని పట్టి, ఒక్కొక్కదానిని సూదులతో కోసి సూక్ష్మదర్శిని క్రింద వెదకుట ఆయన నిత్యకృత్యము. దోమ కుట్టనిచ్చినందుకు రోగికి దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున ఇచ్చుచుండెను. దోమలు నీటబడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు మ్యాన్సన్ తలచియుండెను. దానిని పరీక్షించుటకై కొందరు పనివాండ్రకు అట్టి నీరు త్రాగ నిచ్చిరి. ఒకనికి స్వల్పముగా జ్వరము వచ్చినను దానివలన ఏమియు ఋజువు కాలేదు. నేటి వైద్యధర్మము అట్టి ప్రయోగమును సమ్మతింపదు, సమ్మతింపకుండుటయే న్యాయము.

రెండేండ్లు శ్రమించియు ఫలము కనబడలేదు. దానికి కారణము గ్రంథాలయమునకు వచ్చువారు గుర్తుంచుకొనదగినది. దోమలలో అనేక జాతులున్నవని రాస్ చూచుచుండెను. వానిని వేరుపరచి చెప్పు గ్రంథము ఆయన కందుబాటులో లేదు. చేయునది లేక, బూడిదవన్నె దోమలు, చారల దోమలు, రెక్కలపై చుక్కల దోమలు అని తానే పేర్లు పెట్టుకొనెను. ఆ రెండేండ్లును ఆయన కోసిన దోమలలో అధికభాగము మొదటి రెండు జాతులవి. మనుష్యుల మలేరియా జీవి వానిలో పెరుగదు. తగిన పుస్తకమొకటి చేత లేకపోవుటవలన ఇంత కాలము, ఇంత కంటిచూపు వ్యర్థమైనవి. నడుమ కలరా నివారణకై బెంగుళూరునకు పోవలసివచ్చెను. 1897 వేసవిలో ఉదకమండలమునకు పోయి, సమీపమునందలి సీగూరు కనుమలో తానే మలేరియాకు గురియయ్యెను.

ఆ సంవత్సరము జూను నెలలో మరల సికిందరాబాదు చేరి పని మొదలిడెను. ఉక్క దుస్సహముగా నుండెను. పంకా ఊపించినచో దోమలు ఎగిరిపోవును గావున పంకా లేకయే కూర్చుండెడివాడు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను, కంటిగాజు పగిలెను. ఆగస్టు నెల నడుమ సహాయకులు తెచ్చిన పురుగులనుండి క్రొత్తరకపు దోమలు వెలువడెను. వాని రెక్కలపై చుక్కలుండెను. గోడపై కూర్చుండునప్పుడు తోకను పైకెత్తుచుండెను. శాస్త్రజ్ఞులు అనాఫిలీసు అని పిలుచు జాతి యదియే. 16వ తేదీన హుసేన్ ఖాన్ అను రోగి రక్తమును ఆ దోమలచే త్రాగించెను. కొన్ని చచ్చెను, కొన్నిటిని కోసి చూడగా ఏమియు కానరాలేదు. మిగిలినవి బహు కొద్ది.

1897 ఆగస్టు 20వ తేదీన, రక్తము త్రాగి నాలుగు దినములైన దోమ నొకదానిని కోసెను. లెక్కలో దాని సంఖ్య 38. శరీరమంతయు వెదకి చివరకు ఉదరకోశపు గోడను పరీక్షింపగా, అంతకుముందెన్నడును కనబడని గుండ్రని కణములు కానవచ్చెను. వానిలో నల్లని రేణువు లుండెను. అట్టి నల్లని రేణువులు రోగి రక్తమునందలి మలేరియా జీవిలోనే యుండును. మరునాడు మిగిలిన దోమను కోయగా అవే కణములు మరింత పెద్దవై యుండెను. రక్తముతో లోనికి పోయిన జీవి దోమ శరీరమున జీర్ణము గాక పెరుగుచున్నదని తేలిపోయెను. ఆ రాత్రి రాస్ ఒక పద్యము వ్రాసికొనెను. ఇప్పటికిని ప్రపంచమంతటను ఆగస్టు 20వ తేదీని దోమల దినముగా పాటించుచున్నారు. ప్రతి దోమకును సంఖ్య, అది ఎవరి రక్తము త్రాగినది, ఏనాడు త్రాగినది, ఏనాడు కోయబడినది, ఏమి కనబడినది అని తప్పక వ్రాసియుంచుటవలననే నాలుగవనాటి కణమును ఐదవనాటి కణముతో పోల్చుట సాధ్యమైనది. చిఠ్ఠా సరిగా లేనివాడు నిధిని చూచియు గుర్తింపలేడు.

ఇంకను సగము పని మిగిలియుండగా ప్రభుత్వమువారు ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. అచ్చట మలేరియా రోగులే అరుదు. మ్యాన్సన్ లండనులో గట్టిగా పట్టుపట్టుటవలన 1898 ఆరంభమున కలకత్తాలో పరిశోధన చేయుటకు అనుమతి దొరికెను. అచ్చట ప్లేగు టీకాల భయముచేత ప్రజలు వేలిపై సూదిపోటు పొడిపించుకొనుటకు సాహసింపరైరి. మనుష్యులు దొరకకపోగా రాస్ పక్షుల నాశ్రయించెను. పిచ్చుకలకును ఒక విధమైన మలేరియా కలదు. మహమ్మద్ బక్ష్ అను సహాయకుని తోడ్పాటుతో దినములు రాత్రులు పనిచేసి, 1898 జూలై నెలలో ఆ జీవి దోమ లాలాజలగ్రంథులలోనికి చేరుచున్నట్లు కనిపెట్టెను. అట్టి దోమలను ఆరోగ్యము గల పిచ్చుకలపై విడువగా వానికి వ్యాధి అంటెను. గాలి గాదు, నీరు గాదు, దోమకాటే దారి యని స్థిరపడినది. మనుష్యుల మలేరియా జీవి అనాఫిలీసు దోమలో పూర్తిగా పెరుగు క్రమమును ఆ సంవత్సరాంతమున ఇటలీలో గ్రాస్సీ, బిగ్నామి, బాస్టియానెల్లి అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

1902లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చెను. ఆ బహుమానమును పొందిన ఆంగ్లేయులలోను, మన దేశమున పుట్టినవారిలోను ఆయనయే మొదటివాడు. మహాపురుషుని చరిత్ర వ్రాయువాడు దోషములను దాచరాదు. కీర్తిని పంచుకొను విషయమున రాస్‌కు ఓర్పు లేదు. గ్రాస్సీతో బహుకాలము పత్రికలలో కలహించెను. తనకు దారిచూపిన మ్యాన్సన్ పైననే, ఒక ఉత్తరమును గూర్చి, పరువునష్టపు వ్యాజ్యము తెచ్చెను. దోమపట్ల చూపిన సహనములో కొంత మిత్రులపట్ల చూపియున్నచో ఆయన వార్ధక్యము మరింత సుఖముగా గడచియుండెడిది.

1899లో ఉద్యోగము విడిచి ఇంగ్లండు చేరిన పిమ్మట లివర్పూలులోని ఉష్ణదేశవైద్య విద్యాలయమున ఉపాధ్యాయుడయ్యెను. ఇకమీద ఆయన జీవితమంతయు ఒక్క బోధకే అంకితమైనది: దారి తెలిసినది గనుక దానిని మూయుడు. ఆ యేటనే ఆఫ్రికాలోని సియెర్రా లియోనుకు పోయి, వీధిగుంటలలో అనాఫిలీసు పురుగులను చూపెను. 1902లో సూయజు కాలువ సంస్థవారి ఆహ్వానముపై ఇస్మాయిలియా పట్టణమునకు పోయి, నీటిగుంటలను పూడ్పించుటకును, పూడ్పరానివానిపై నూనె చల్లించుటకును ఉపాయము చెప్పెను. కొన్ని సంవత్సరములలో ఆ పట్టణమున మలేరియా దాదాపు అంతరించెను. ఇందుకు భిన్నముగా లాహోరు సమీపమునందలి మియాన్ మీర్ దండులో 1902 నుండి 1909 వరకు చేసిన ప్రయత్నము విఫలమాయెను. దోమలను నిర్మూలించుట అసాధ్యమని అధికారులు తీర్పు చెప్పిరి. కొద్దిపాటి స్థలమును, కొద్దిపాటి ధనముతో శుభ్రపరచినచో చుట్టుప్రక్కల దోమలు వచ్చి నిండవా యని రాస్ వాదించెను.

నాకు మిక్కిలి నచ్చినదని మొదట చెప్పిన ఘట్ట మిదియే. ఒక్క దోమయు మిగులకుండ చంపిననే గాని మలేరియా పోదని అందరు తలచుచుండిరి. 1907లో మారిషసు ద్వీపమునకు పంపబడినప్పుడు రాస్ తన చిన్ననాటి గణితమును వెలికి తీసి, అది నిజము కాదని నిరూపించెను. ఆయన చూపిన మార్గమున, సులభముగా తెలియుటకై నేను చిన్న సంఖ్యలతో ఉదాహరణ చెప్పెదను. ఒక రోగి కోలుకొనులోపల పండ్రెండు అనాఫిలీసు దోమలు వాని రక్తము త్రాగినవనుకొందము. జీవి దోమలో పెరిగి కాటునకు సిద్ధమగుటకు సుమారు పది పండ్రెండు దినములు పట్టును. అంతకాలము బ్రతుకునవి మూడింట ఒకటి, అనగా నాలుగు. ఆ నాలుగింటిలో మరల మనుష్యుని కుట్టగలుగునది ఒక్కటి యనుకొన్నచో, ఒక రోగి పోయి మరియొక రోగి తయారగును. జమయు ఖర్చును సరి. దోమలు ఇరువదినాలుగైనచో ఒక రోగికి ఇద్దరు, ఇద్దరికి నలుగురు. పది తడవలలో 1,024 మంది. దోమలు ఆరైనచో ఇద్దరు రోగులకు ఒక్కడు. ఖర్చు జమను మించి ఖాతా తనంతట మూసికొనిపోవును. దోమలు ఇంకను ఎగురుచునేయుండును, జ్వరము మాత్రముండదు. నిర్మూలనము చేయలేమని చేతులు ముడుచుకొనువారికి ఇంతకన్న ధైర్యము నిచ్చు లెక్క యేది? ఈ సిద్ధాంతము 1910లో ప్రకటింపబడిన ఆయన మలేరియా నివారణ గ్రంథమునందును, దాని రెండవ కూర్పునందును విస్తరింపబడినది. అంటువ్యాధులను గణితముతో గుణించు శాస్త్రమునకు అది పునాది.

1911లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. 1914లో పెద్దకుమారుడు యుద్ధమున మరణించెను. 1926లో లండనున ఆయన పేర పరిశోధనాలయము, వైద్యశాల వెలసెను. 1927 జనవరిలో కలకత్తాలో తన స్మారకద్వారము తెరచునప్పుడు స్వయముగా వచ్చి చూచెను. ధనమునకు మాత్రము కొరతయే. మశూచికి టీకా కనిపెట్టిన జెన్నరునకు పార్లమెంటు ఇచ్చినట్లు తనకును పారితోషికమిండని కోరి నిరాశచెందెను. 1928లో తన వ్రాతప్రతులను, ఉత్తరములను అమ్ముకొనెను. 1931లో భార్య గతించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో రాస్ దేహము చాలించెను.

ఆయన లెక్క ఆయనతో పోలేదు. 1950 ప్రాంతమున జార్జి మెక్డొనాల్డ్ అను శాస్త్రజ్ఞుడు దానిని మరింత నిశితముచేసి, దోమల సంఖ్యను తగ్గించుటకన్న దోమ ఆయువును తగ్గించుటయే బలవత్తరమైన ఉపాయమని చూపెను. పై ఉదాహరణములో మూడింట ఒకటి బ్రతుకుటకు బదులు పండ్రెండింట ఒకటి బ్రతికినచో ఫలితమెట్లుండునో పాఠకులే గుణించుకొనవచ్చును. రక్తము త్రాగిన దోమ గోడపై విశ్రమించును గావున గోడలకు డి.డి.టి. చల్లుట ఆ ఉపాయము. 1947లో మన దేశమున యేటేట సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వచ్చుచు, 8 లక్షల మంది మరణించుచుండిరి. 1953లో ప్రభుత్వము దేశవ్యాప్తముగా నివారణ కార్యక్రమము మొదలిడగా, 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగెను. ఇక భయము లేదని పట్టు సడలించిరి. దోమలు మందునకు అలవాటుపడెను. 1976లో రోగులు 64 లక్షలు దాటిరి. ఖాతా మూయకమునుపే పుస్తకము కట్టిపెట్టిన ఫలమిది. ఆ తరువాత మరల శ్రమపడి తగ్గించుకొంటిమి. నేటికిని తూర్పుకనుమల మన్యపు గ్రామములలో, కొండవాగుల ప్రక్కన, ఈ జ్వరము మన గిరిజన సోదరులను బాధించుచునేయున్నది. ప్రపంచము మొత్తముమీద 2023లో సుమారు 26 కోట్ల 30 లక్షల మందికి మలేరియా వచ్చెననియు, 5 లక్షల 97 వేల మంది మరణించిరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా. వారిలో అధికసంఖ్యాకులు ఆఫ్రికా ఖండమునందలి పసిబిడ్డలు.

బేగంపేటలో రాస్ పనిచేసిన భవనము నేటికిని స్మారకముగా నిలిచియున్నది. హైదరాబాదు పోవు మన యువకులు దానిని దర్శింతురుగాక. అచ్చట రాస్ పేరుతోబాటు హుసేన్ ఖాన్ పేరునుగూడ స్మరింపవలయునని నా ప్రార్థన. అణాకు ఒక దోమకాటు చొప్పున ఆ నిరుపేద రోగి అప్పగించిన రక్తమునందే లోకమునకు పరమార్థము దొరికినది.

ఇక మనకు మిగిలిన పని స్వల్పము. గ్రుడ్డు రెక్కలదోమ యగుటకు ఇంచుమించు ఏడు మొదలు పది దినములు పట్టును. వారమున కొకపర్యాయము తొట్లు, కుండలు ఖాళీచేసి ఆరబెట్టినచో, గుంటలు పూడ్చినచో, బావులలో దోమపురుగులను తిను గంబూసియా చేపలను విడిచినచో ఆ తరము అచ్చటనే అంతమగును. చలితో జ్వరము వచ్చినప్పుడు ఆలసింపక రక్తపరీక్ష చేయించుకొని మందు పూర్తిగా మ్రింగుటయు ఆ లెక్కలోనిదే. రోగి త్వరగా కోలుకొన్నచో దోమకు మూలధనముండదు. తగిన గ్రంథము లేక ఒక మేధావి రెండేండ్లు చీకటిలో తడవుకొనెనని పైన చెప్పితిని. ఇరువది యైదేండ్లుగా మన గ్రామమున పుస్తకము అడిగినవానికి లేదనక అందించుచున్న ఈ గ్రంథాలయము, అట్టి చీకటిని మన పిల్లల కెన్నడును కలుగనీయక కలకాలము వర్ధిల్లుగాక.